అవతలి బిళ్ళ

ఏట్లో నీళ్ళు మా సబ్‌స్టేషన్ గోడ మీది ఎర్రగీతని దాటడం నాకు తెలిసి రెండుసార్లే. నేను చెప్పేది రెండోసారి దాటిన ఏడాది సంగతి. ఆ వరద పోతూ పోతూ ఏటి మధ్య దిమ్మ మీదున్న టవర్‌ని ఒక పక్కకి వంచేసి పోయింది. ఏటికి ఇవతల ఒక దేశం, అవతల ఒక దేశం. ఆ టవర్ మీదుగా పోయే తీగలే రెండింటికీ చుట్టరికం.

నేను ఇవతలి ఒడ్డున ఆపరేటర్ని. చదివింది మూడో తరగతి. మీటరు ముల్లు చూడటానికి, లాగ్‌బుక్కులో అంకె వెయ్యడానికి అది చాలింది. మాట్లాడటం నాకు పెద్దగా చేతకాదు, రాయడం అంతకన్నా చేతకాదు. అయినా ఆ వరద తర్వాతి ఎండాకాలం గురించి ఇంకొకరు రాస్తే అందులో స్క్రీన్ ఉంటుంది, బిళ్ళ ఉండదు. అందుకని నేనే రాస్తున్నాను.

బిళ్ళ అంటే ఇత్తడిది, అరచేతిలో పట్టేంత. ప్రతి ఆపరేటర్‌కీ ఒకటి ఉంటుంది. నా దాని మీద నా నంబరు, నంబరు కింద మేకుతో నేను గీసుకున్న చేప. మనుషులు టవర్ ఎక్కాలంటే ముందు నేను కరెంటు తీసి, మళ్ళీ ఎవరూ వెయ్యకుండా స్విచ్ హ్యాండిల్‌కి నా బిళ్ళ కడతాను. అవతలి ఒడ్డున అక్కడి ఆపరేటర్ తన బిళ్ళ కడతాడు. ఆ తర్వాతే ఎక్కమని మాట ఇస్తాం. మావాళ్ళు దిగితే నాకు చెబుతారు, ఆయన వాళ్ళు దిగితే ఆయనకి చెబుతారు. మేమిద్దరం ఫోన్లో చెప్పుకున్నాకే బిళ్ళలు విప్పుతాం. ఎవరు కట్టిన బిళ్ళ వాళ్ళే విప్పాలి. పై అధికారి వచ్చినా, పైనున్న దేవుడే దిగొచ్చినా ఇంకొకరు ముట్టుకోకూడదు. ఇది ఏ కాగితం మీద ఉందో నాకు తెలియదు. మా ముందువాళ్ళు చెప్పారు, మేం చేశాం.

ఇంకో పద్ధతి. ఫోన్లో ఒకరు అన్న మాట రెండోవారు తిరిగి అప్పజెప్పాలి. "మూడో నంబరు తీశాను" అంటే "మూడో నంబరు తీశారు" అనాలి. అప్పటిదాకా అన్నది అన్నట్టు కాదు. పందొమ్మిదేళ్ళు అలా చేసేసరికి ఇంట్లోనూ అదే అలవాటైంది. "వచ్చేటప్పుడు సబ్బు తీసుకురా" అంటే "వచ్చేటప్పుడు సబ్బు తీసుకురావాలి" అంటాను.

"నేను చేసుకున్నది మనిషినా, నుయ్యినా?" అనేది నా భార్య. "ఏది అరిస్తే అదే తిరిగొస్తుంది."

అవతలి ఆపరేటర్‌ని నేను ఎన్నడూ చూడలేదు. పందొమ్మిదేళ్ళూ గొంతే. ఇద్దరి మాటా ఒకటే, యాస వేరు. తీగతో సంబంధం కలుపుకున్నవాళ్ళం కాబట్టి ఆయన నన్ను వియ్యంకుడు గారూ అనేవాడు, నేనూ అలాగే అనేవాణ్ణి. కరెంటు ఎటునుంచి ఎటు పోతోందన్న దాన్ని బట్టి పొద్దున్నే మా పలకరింపు.

"వియ్యంకుడు గారూ, ఇవాళ ఇస్తున్నారా, పుచ్చుకుంటున్నారా?"

"పుచ్చుకుంటున్నామండీ. పెట్టుపోతల్లో లోటు రాకూడదు మరి."

"మీవాళ్ళ ఆకలికి మా పెట్టుపోతలు ఏ మూలకి!"

ఆ ఎండాకాలం మొదట్లో రెండు దేశాల పెద్దలూ సంతకాలు పెట్టారు. ఇక కరెంటు ఎవరైనా అమ్మవచ్చు, ఎవరైనా కొనవచ్చు, అది ఏటికి అవతలిదైనా సరే. మా బోర్డుని మూడు ముక్కలు చేశారు. తయారుచేసేది ఒకరు, తీగలు ఒకరివి, అమ్మేది ఎవరైనా. లైన్లు నడిపే పని ఒక పరాయి కంపెనీకి పోయింది. ఏడు దేశాల లైన్లని ఒకే గదిలో కూచుని స్క్రీన్ మీద చూస్తారట. మా టవర్ బాగుపడి లైన్‌లో మళ్ళీ కరెంటు పారే రోజునే ఈ కొత్త బజారు తెరవాలని ముహూర్తం పెట్టుకున్నారు.

అదే వారం మా అమ్మాయి నెత్తిన నీలం టోపీతో ఇంటికి వచ్చింది. కొత్త అమ్మకం కంపెనీలో ఉద్యోగం. ఏటికి రెండు వైపులా ఇంటింటికీ తిరిగి, పాతవాళ్ళని వదిలి మా దగ్గర కరెంటు కొనండి అని చెప్పాలి.

"టోపీ బావుంది," అంది వాళ్ళమ్మ. "ఎండకి పనికొస్తుంది."

నేనేమీ అనలేదు.

"నాన్న ఏమీ అనలేదంటే తిట్టినట్టే," అంది అమ్మాయి.

గడప మీద కూచున్న బల్లి నవ్వాడు. బల్లి నా బావమరిది. టవర్ని గోడలా పాకేస్తాడని ఆ పేరు. వంగిన టవర్‌ని బాగుచేసే ముఠాలో వాడొకడు. "అక్కా, మీ ఇంట్లో కరెంటు ఇచ్చేవాడొకడు, అమ్మేదొకతె. కొనడానికి నేనున్నాను. బజారేదో ఇక్కడే తెరిచేస్తే పోలా?"

"తీగ లాగింది మేము," అన్నాను. "వరదలో మెడలోతు నీళ్ళలో నిలబడింది మేము. అమ్మేది మీరా?"

"వాగు పక్కన బట్టలు కుట్టే ముసలామె తెలుసా నాన్నా? మీ బోర్డుకి పదకొండేళ్ళు అర్జీలు పెట్టుకుంది. రెండు స్తంభాలు వెయ్యలేకపోయారు. మా కంపెనీ పదకొండు రోజుల్లో వేసింది. ఇప్పుడు ఆమె మిషను మోటారు మీద నడుస్తోంది. తీగ లాగింది మేము అని వెళ్ళి ఆమెతో చెప్పు."

నేను లేచి కుండలోంచి నీళ్ళు ముంచుకున్నాను.

"ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి," అంది మళ్ళీ. "దేశాలకి దేశాలే తలుపులు తీస్తుంటే నువ్వొక్కడివీ అడ్డం నిలబడతావా?"

"నిలబడతానని ఎవరన్నారే?" అన్నాను. అప్పటికి నిజంగానే నాకా ఉద్దేశం లేదు.

ఎండలు ముదిరేసరికి టవర్ పని మొదలైంది, రెండు ఒడ్డుల్లోనూ బిళ్ళలు కట్టే ఉన్నాయి. ఒక మంగళవారం పొద్దున ఫోను ఎత్తి "వియ్యంకుడు గారూ" అన్నాను. వేరే గొంతు పలికింది. ఆడగొంతు, ఎక్కడో దూరాన చల్లటి గదిలోంచి. ఆ పోస్టు ఇప్పుడు లేదంది. అవతలి సబ్‌స్టేషన్‌ని ఇకనుంచి స్క్రీన్ మీదే నడుపుతారంది.

"మరి ఆయన బిళ్ళ?"

"ఏ బిళ్ళ?"

"హ్యాండిల్‌కి కట్టి ఉండాలి. ఇత్తడిది. దాని మీద పావురం బొమ్మ ఉంటుందని చెప్పేవారు."

ఆమె ఎవరినో కనుక్కుని వచ్చింది. "గది శుభ్రం చేసినప్పుడు పాత సామానుతో పాటు తీసేశారట. ఇప్పుడక్కడ బిళ్ళేమీ లేదు."

"ఆయన విప్పారా?"

"లేదంటున్నాను కదండీ."

"లేకపోవడం వేరు, విప్పడం వేరు," అన్నాను.

ఆ మాట ఆమె తిరిగి అప్పజెప్పలేదు. ఫోను పెట్టేసింది.

మా సబ్‌స్టేషన్‌కి పెద్ద ఇంజనీరమ్మే. తొమ్మిదేళ్ళ కిందట ఆవిడ కొత్తగా వచ్చినప్పుడు హ్యాండిల్ ఎటు తిప్పాలో చూపించింది నేనే. వెళ్ళి చెప్పాను.

"అయితే పెద్దాయనా, అటువైపునుంచి ఎక్కే ముగ్గురూ దిగామని ఎవరితో చెబుతున్నారు?"

"నేనూ అదే అడుగుతున్నానమ్మా."

ఆవిడ కాగితాలు తిరగేసింది. "పని అయిపోయిందని మేస్త్రీ ఒడ్డున కూచుని ఫోన్లో నొక్కుతాడట. నొక్కితే స్క్రీన్ మీద పచ్చగా వస్తుందట."

"ఒడ్డున కూచుని," అన్నాను.

"ఒడ్డున కూచుని," అంది ఆవిడ, అలవాటు కొద్దీ.

ఆవిడ పైకి ఉత్తరం రాసింది. ఒకటి కాదు, మూడు. ఆయన్ని వెతుకుదామంటే ఇల్లెక్కడో నాకు తెలియదు. పందొమ్మిదేళ్ళ చుట్టరికం, ఇంటి పేరు కూడా అడగలేదు నేను.

పది రోజులు పోయాక మధ్యాహ్నం భోజనం దగ్గర అమ్మాయి టోపీ తీసి పక్కన పెట్టింది. "నాన్నా, మీ వియ్యంకుణ్ణి చూశాను."

నేను తినడం ఆపాను.

"ఇవాళ అవతలి ఒడ్డున ఒకాయన తలుపు తీశాడు. 'కొత్త కంపెనీ నుంచి వచ్చానండీ' అన్నాను. 'కొత్త కంపెనీ నుంచి వచ్చారు' అన్నాడు. 'కరెంటు ఎవరి దగ్గర కొనాలో మీరే ఎంచుకోవచ్చు' అన్నాను. 'మేమే ఎంచుకోవచ్చు' అన్నాడు. వెక్కిరిస్తున్నాడనుకుని ఒళ్ళు మండింది. ఆ తర్వాత తట్టింది, మా ఇంట్లోనూ ఒకరున్నారు కదా అని. 'మీరు ఆపరేటరా?' అని అడిగాను. నా టోపీ చూసి తలుపు వెయ్యబోయాడు. 'ఇవతల చేప బిళ్ళాయన కూతుర్నండీ' అన్నాను. అప్పుడు కూచోమన్నాడు."

"ఏమన్నారు?"

"డ్యూటీ మధ్యలో ఇంటికి పంపేశారట. చెప్పులేసుకునే టైము ఇచ్చారట, నీకు ఫోను చేసే టైము ఇవ్వలేదట. 'నా బిళ్ళ నేను విప్పలేదు, నాన్నగారితో అదొక్కటి చెప్పమ్మా' అన్నాడు. నాచేత రెండుసార్లు అప్పజెప్పించుకున్నాడు."

"ఆయన విప్పలేదు," అన్నాను.

"విప్పలేదు," అంది అమ్మాయి.

ఆ పూట టోపీ గురించి ఎవరం ఎత్తలేదు. ముహూర్తం రోజున ఆయన్ని ఒక్క గంట పిలిపించండి అని ఇంజనీరమ్మ నాలుగో ఉత్తరం రాసింది. దీనికి మాత్రం జవాబు వచ్చింది. పోస్టు లేదు కనక మనిషి అక్కర్లేదని.

పొద్దున పదకొండింటికి ముహూర్తం. అవతలి ఒడ్డున టెంట్లు, రెండు జెండాలు, ఒకే వేదిక మీద రెండు దేశాల మంత్రులు. మా గదిలో మా పై అధికారి, కోటాయన, ఇంజనీరమ్మ, నేను. కోటాయన అంటే ఆ పరాయి కంపెనీ మనిషి. అంత ఎండలోనూ కోటు విప్పలేదు. చేతిలో పలకంత స్క్రీన్. ముందు మావైపు నుంచి లైన్‌లోకి కరెంటు వదలాలి, ఆ తర్వాత అటు కలుపుతారు. మా హ్యాండిల్ చేత్తో తిప్పేది. దానికి నా బిళ్ళ వేలాడుతోంది.

బల్లి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "బావా, మన నలుగురం దిగాం."

"మన నలుగురూ దిగారు. అటు ముగ్గురు?"

"పొద్దున ఎక్కారు. టవర్ అటు ముఖం మనకి కనబడదు కదా, వాళ్ళ పడవా అటే పోతుంది. దిగారో లేదో నేను చూడలేదు."

కోటాయన స్క్రీన్ నా వైపు తిప్పాడు. "అంతా పచ్చ," అన్నాడు కూడబలుక్కుంటూ. "అందరూ దిగారు. బిళ్ళ విప్పండి."

"అవతలి బిళ్ళ విప్పలేదండీ."

"అవతల బిళ్ళే లేదు."

"కట్టినాయన విప్పాలి. ఆయన విప్పలేదు."

మా పై అధికారి నా చెవి దగ్గరికి వచ్చాడు. "ఏమయ్యా, నీ బావమరిది దిగాడు. ఎదురుగా ఉన్నాడు. ఇంకా నీ బాధేమిటి?"

"అటు ఎక్కినవాళ్ళూ ఎవరికో బావమరుదులే కదండీ."

"స్క్రీన్ తప్పు చెప్పదు," అన్నాడు కోటాయన.

"చెప్పదేమో. దానికి బావమరిది లేడు."

బల్లి కిసుక్కుమన్నాడు. పై అధికారి చూసిన చూపుకి గుమ్మం దిగి పోయాడు.

"ఒక పని చెయ్యండి," అన్నాను కోటాయనతో. "ఆ తీగ మీద మనిషి చెయ్యి లేదు, పూచీ నాది, అనండి. నేను తిరిగి అప్పజెప్పి విప్పేస్తాను."

ఆయన నోరు తెరిచాడు. స్క్రీన్ కేసి చూశాడు. కిటికీలోంచి ఏటి మధ్యకి చూశాడు. నోరు మూసుకున్నాడు.

పై అధికారి ఇంజనీరమ్మ వైపు తిరిగాడు. "మీరు విప్పండి."

ఆవిడ చేతులు వెనక్కి కట్టుకుంది. "అది నేను కట్టింది కాదు సార్."

"అయితే కత్తిరించి పారెయ్యండి! ఎవరక్కడ, పటకారు తెండి!"

నేను నా స్టూలు తెచ్చి హ్యాండిల్ ముందు వేసుకుని కూచున్నాను. అంతే. తర్వాత ఊళ్ళో ఏవేవో చెప్పుకున్నారు, పటకారు లాక్కుని ఏట్లోకి విసిరానని కూడా. అబద్ధం. కూచున్నాను.

అవతలి ఒడ్డున మైకులో ఎవరో ఉపన్యాసం సాగదీస్తున్నారు. తలుపులు తెరిచామని, పోటీ వస్తే అందరికీ మేలని. మా గదిలోకి వినబడుతూనే ఉంది. పదకొండున్నర అయింది. పై అధికారి ఫోను ఆగకుండా మోగుతోంది.

"నీ ఉద్యోగం పోతుంది," అన్నాడు. "క్వార్టర్ పోతుంది."

"క్వార్టర్ పోతుంది," అన్నాను.

"వెటకారమా?"

"కాదండీ. అలవాటు."

పావుతక్కువ పన్నెండుకి బల్ల మీది పాత ఫోను మోగింది. దాని గొంతు పెద్దది, గదంతా వినబడుతుంది. ఇంజనీరమ్మ ఎత్తి నా చేతికి ఇచ్చింది.

"నాన్నా, నేను. మీ దగ్గర ఆగిపోయిందని టెంట్ల దగ్గర గోల మొదలైంది. ఎందుకు ఆగిందో నాకు తెలుసు కదా. ఆయన్ని ఇంటి దగ్గర పడవ ఎక్కించుకుని టవర్ దిమ్మ మీదికి తీసుకొచ్చాను. ఇదిగో, ఇస్తున్నాను."

"వియ్యంకుడు గారూ." అదే గొంతు. రొప్పుతోంది. "ముగ్గురిలో ఇద్దరు దిగి ఉన్నారు. మూడోవాడు పైనే ఉన్నాడు. రంగు వేస్తున్నాడు. పని ముగిసిందని వాడికెవరూ చెప్పలేదు."

"ఇద్దరు దిగారు," అన్నాను. "మూడోవాడు పైన ఉన్నాడు."

కోటాయన చేతిలో స్క్రీన్ అప్పటికీ పచ్చగానే ఉంది.

చాలాసేపు ఫోన్లో గాలి, పడవ దిమ్మకి కొట్టుకుంటున్న చప్పుడు. పైకి చూసి ఎవరెవరో కేకలు పెడుతున్నారు. ఆ కేకల్లో మా అమ్మాయి గొంతు కూడా ఉంది.

"మూడోవాడు దిగాడు. నా చెయ్యి వాడి భుజం మీద ఉంది."

"మూడోవాడు దిగాడు. మీ చెయ్యి వాడి భుజం మీద ఉంది."

"దిమ్మ మీంచి పడవలోకి అందరం దిగాం. నా బిళ్ళ విప్పాను."

"మీ బిళ్ళ విప్పారు. నాది విప్పుతున్నాను."

ఆయన బిళ్ళ ఎప్పుడో చెత్తలో పోయింది, విప్పింది మాటతోనే. లేచి స్టూలు పక్కకి పెట్టాను. మెలిక విప్పి బిళ్ళ జేబులో వేసుకుని హ్యాండిల్ తిప్పాను. పన్నెండుంపావు. మంత్రులు అప్పటికే భోజనాలకి లేచిపోయారట. ఖాళీ కుర్చీల ముందు బజారు తెరుచుకుంది.

సాయంత్రానికి కాగితం వచ్చింది. మా పై అధికారి బాధ లైన్ ఆలస్యమైందని కాదు. అవతలి దేశపు మంత్రి నవ్వాడని. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అన్నట్టు. గది తాళాలు అడిగారు, ఇచ్చాను. హెల్మెట్ అడిగారు, ఇచ్చాను. బిళ్ళ వాళ్ళ జాబితాలో లేదు. వాళ్ళు అడగలేదు, నేను గుర్తుచెయ్యలేదు.

కాగితం నా భార్య చదివింది. "చెప్పిన మాట వినలేదని తీసేశారట. పదిహేను రోజుల్లో క్వార్టర్ ఖాళీ చెయ్యాలట."

"పదిహేను రోజుల్లో ఖాళీ చెయ్యాలి," అన్నాను.

ఆవిడ నా మొహం చూసి నవ్వడం మొదలుపెట్టింది. చాలాసేపు నవ్వి కళ్ళు తుడుచుకుంది. "నేను చెయ్యను. అంత తొందరగా ఉంటే వాళ్ళనే వచ్చి నా గిన్నెలు మొయ్యమను." తర్వాత అమ్మాయిని అడిగింది, "ఆ పైవాడు దిగి ఏమన్నాడే?"

"ఇంకో రెండు చారలే ఉన్నాయి, మధ్యలో ఎందుకు దింపారని విసుక్కున్నాడు."

బల్లి పడీ పడీ నవ్వాడు. "నేనైనా అదే అందును బావా!"

"నీ టోపీ ఉందా, పోయిందా?" అన్నాను అమ్మాయితో.

"ఎక్కడికి పోయావని అడిగారు. ఒక ఇంటికి వెళ్ళానన్నాను. అబద్ధమా?" టోపీ చేతుల్లో తిప్పింది. "నేను మానను నాన్నా. వాగు పక్కన ఇంకా ఆరిళ్ళు చీకట్లో ఉన్నాయి. మీ బోర్డు ఇప్పుడిక వెయ్యబోదు. కాకపోతే ఇకనుంచి ఏ ఇంటికి వెళ్ళినా మూడోవాడి సంగతి చెప్పాకే టోపీ సంగతి చెబుతాను."

దీపాలు పెట్టే వేళకి ఇంజనీరమ్మ గుమ్మంలోకి వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు. "పెద్దాయనా, టవర్ మీద రెండో జత తీగల పని ఇంకా ఉంది. రేపూ మనుషులు ఎక్కుతారు. కొత్త మనిషి వచ్చేదాకా హ్యాండిల్ దగ్గర నేనే. మీ ఇద్దరి గొంతులూ వినందే ముట్టుకోను. తీసేసినవాళ్ళ మాట వినకూడదని ఏ కాగితంలోనూ లేదు. అన్నీ చూశాను."

మర్నాడు పొద్దున మొదటి పడవ ఎక్కాను. పక్కన నీలం టోపీతో మా అమ్మాయి, ఎదురుగా బల్లి, వాడి ముఠా. అమ్మాయి అవతలి ఒడ్డుకి పోతుంది. మేం దిమ్మ దగ్గర దిగాం.

అమ్మాయి రాత్రే కబురు పెట్టింది, ఆయన ముందే వచ్చి సిమెంటు మీద కూచుని ఉన్నాడు. అంత లావు గొంతుకి అంత సన్నటి మనిషని నేను అనుకోలేదు. ఆయనా నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు.

"వియ్యంకుడు గారూ, ఇవాళ ఇస్తున్నారా, పుచ్చుకుంటున్నారా?"

"రెండూ లేవండీ," అన్నాను. "ఊరికే వచ్చాను."

ఆయన జేబులోంచి బిళ్ళ తీశాడు. డబ్బా మూత కత్తిరించి చేసింది, అంచులు ఇంకా గరుగ్గా ఉన్నాయి. దాని మీద పావురం. నేను నా చేప తీశాను. టవర్ నిచ్చెన అడుగు మెట్టుకి రెండూ పక్కపక్కన కట్టాం.

అటు ముగ్గురు, ఇటు నలుగురు, ఏడుగురూ వచ్చి నిచ్చెన ముందు నిలబడ్డారు. పడవలోంచి మేస్త్రీ అరిచాడు. "స్క్రీన్ పచ్చగా ఉంది! ఎక్కండయ్యా! ఈ ముసలాళ్ళెవరు?"

ఎవరూ ఎక్కలేదు.

బల్లి తన ఫోను మా ఇద్దరి మధ్య పెట్టాడు. "రెండో జత తీసి ఉంది," అంది అందులోంచి ఇంజనీరమ్మ గొంతు.

"రెండో జత తీసి ఉంది," అన్నాం ఇద్దరం.

"నా బిళ్ళ కట్టాను," అన్నాడు వియ్యంకుడు.

"మీ బిళ్ళ కట్టారు. నాదీ కట్టాను."

బల్లి మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు.

"ఒకటి," అన్నాడాయన.

"ఒకటి," అన్నాను.